కప్పు కింద పేపరు

మృత్తికా ఘటక్ లైబ్రరీ టేబుల్ మీద తల వాల్చి ఉంది. నిద్రపోతోందనుకుని అటెండర్ లేపబోయాడు. ఒళ్లు చల్లబడిపోయింది.

ఇరవై ఏడేళ్ల పిల్ల. కోల్‌కతాలో కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్. ఏ సబ్జెక్టులో ఏ మూల అచ్చయిన పేపరైనా సరే, వెతికి పట్టుకొచ్చేది. పోస్టుమార్టంలో విషం జాడ లేదు. గుండె ఆగిందన్నారు.

ఇన్‌స్పెక్టర్ బాసవి మొండల్‌కు ఆ మాట మింగుడు పడలేదు. మృత్తిక పక్క సీటు స్కాలర్ పలాశ్ హాజ్రాను పిలిచింది.

"ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"మా గైడ్ లాహిరి సార్‌తో, మేడమ్. సార్‌కు అవార్డు తెచ్చిన పేపరు కాపీ. అసలుది ఎప్పుడో అస్సాంలో ఒక వ్యవసాయ పత్రికలో అచ్చయిందట. మృత్తికా దీదీ కనిపెట్టింది. డీన్‌కు చెప్తానంది."

"ఆయనేమన్నాడు?"

"నవ్వాడు. డీన్ సంగతి తర్వాత, ముందు ఈ పని చూడమని ఇంకేవో పేపర్లు వెతకమన్నాడు. పిచ్చిది, తిండి మానేసి వెతికింది."

ప్రొఫెసర్ నిరుపమ్ లాహిరి గదిలో కుర్చీ చూపించలేదు. బాసవి నిలబడే అడిగింది.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"చనిపోయిన రోజు మధ్యాహ్నం. ఇక్కడే టీ తాగింది. మట్టి కప్పులు కదా, తాగి పగలగొట్టేశాం."

టేబుల్ మీద పేపర్ల కట్ట. ప్రతి పేజీ నిండా ఎర్ర పెన్సిల్ గీతలు. ఒక్క పేపరు మీద మాత్రం గీత లేదు. గుండ్రటి టీ మరక ఉంది.

"ఇదేంటి?"

"ఆవుల డాక్టర్ల పేపరు. అదీ ఒక చదువేనా? కప్పు కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది."

"తీసుకెళ్లనా?"

"దాంతో మీరూ టీ తాగండి."

వారం తిరగకుండా బాసవి వచ్చింది. డీన్, పలాశ్, లాహిరి ముగ్గురినీ లైబ్రరీలో కూర్చోబెట్టింది.

"లాహిరి గారూ, మీ సబ్జెక్టు రంగుల కెమిస్ట్రీ. మీరు ఎర్ర గీతలు పెట్టినవన్నీ ఒక అడవి గింజ గురించి. తింటే గుండె ఆగుతుంది. పోస్టుమార్టంలో దొరకదు. వాటిని దాచాలని కూడా అనిపించలేదు మీకు. ప్రొఫెసర్ గదిలో పేపర్లు పోలీసులకేం అర్థమవుతాయనుకున్నారు."

"అయితే? దొరకలేదుగా!"

"మనుషుల డాక్టర్లకు దొరకలేదు. ఆ గింజ మేసి గొడ్లు ఏటా చస్తాయి. వాటి డాక్టర్లు కనిపెట్టే పద్ధతి ఎప్పుడో అచ్చేశారు. పోస్టుమార్టం శాంపిల్ వాళ్లకిచ్చాను. గింజ విషం దొరికింది."

లాహిరి కుర్చీలోంచి లేచాడు.

"అలాంటి పద్ధతి ఉందని... ఆ పిల్ల నాకు చెప్పలేదే!"

పలాశ్ ఉండబట్టలేకపోయాడు. "తన చావు తనతోనే వెతికించావురా! కడుపుకు అన్నమే తింటున్నావా?"

బాసవి టీ మరక పేపరు ఎత్తి చూపించింది. పైన మృత్తిక పెన్సిల్‌తో రాసింది: సార్, అన్నిటికన్నా ముందు ఇది చదవండి.

లాహిరి చెయ్యి చాచాడు. "ఒక్కసారి ఇవ్వండి."

"ఇప్పుడా?" అంది బాసవి. పేపరు మడిచి ఫైల్లో పెట్టుకుంది. సంకెళ్లు తీసింది.

"జైల్లో అడగండి. అక్కడ వెతికి తెచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారేమో."