‘షేమ్’కు ఎదురుగా

"హిల్. మిల్. టిల్. బిల్. షేమ్."

దేవేంద్రన్ ఆ అయిదు మాటలూ చదివి కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. తిరువళ్లూరు స్టేషన్ ఎదురుగా, ఫ్యాన్సీ స్టోర్ పైన ఉన్న ఆ గది తలుపుకు 'టైపు ఇన్‌స్టిట్యూట్' అని బోర్డు ఉంది. లోపల రెండు పాత టైపు మిషన్లు, మూడు లాప్‌టాప్‌లు, ఒక వైర్‌లెస్ సెట్టు. ఇప్పుడు టైపు నేర్చుకోవడానికి ఎవరూ రారు. అందుకే ఆ బోర్డు చాలా భద్రమైనది.

"నిన్న సాయంత్రం వచ్చిన మెసేజ్," అన్నాడు. "'మోనిషా మేడమ్ ట్యూషన్, అయిదో తరగతి' అనే వాట్సాప్ గ్రూపులో. రైమింగ్ వర్డ్స్ హోంవర్క్. గ్రూపులో ఎనిమిది మంది ఉన్నారు. ఒక్క పిల్లవాడూ లేడు."

"చివరి మాట మిగతావాటితో కలవడం లేదు," అన్నాడు దినకర్. ఏజెంట్ నలభై ఒకటి. పదహారేళ్ల సర్వీసు.

"మనవాళ్లు పొరపాటు అంటున్నారు."

"సరుకేమిటి సార్?"

"ట్యాంకు గన్‌సైట్ డ్రాయింగులు. ఆవడి వైపు ఒక డిజైనర్ అమ్మేశాడు. అతన్ని పొద్దున పట్టుకున్నాం, కానీ మెమరీ కార్డు అప్పటికే మోనిషా చేతికి చేరింది. ఈ రోజు ఆమె దాన్ని రామన్‌కు ఇస్తుంది. విదేశీ ముఠాకు ఇక్కడి పెద్ద అతనే. కార్డు అతని ఫోన్‌లో పడిన నలభై సెకన్లలో డ్రాయింగులు దేశం దాటిపోతాయి. ఎక్కడ, ఎన్నింటికి అన్నది ఈ మాటల్లో ఉంది."

"మోనిషా ఎవరు?"

"ఆ పేరు అబద్ధం. మనిషి వాళ్లదే. అయితే రెండుసార్లు మనకు ఊరూ పేరూ లేని ఫోన్ వచ్చింది, ఆడగొంతు. అది ఆమే అయితే సగం మన మనిషి. ఏ సగమో తెలియదు."

దేవేంద్రన్ ఒక ఫోటో జరిపాడు. "అరక్కోణంలో దొరికిన ముఠా మనిషి ఫోన్‌లో ఇది ఉంది. వాళ్ల కోడ్‌బుక్‌లో ఒక్క పేజీ."

గీతల నోటు. పిల్లల గుండ్రటి రాత. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగులో అర్థం.

రైన్: నాయన వాకిట్లో కూర్చొని నవ్వే రోజు.

గ్రెయిన్: ఎలకలు తినగా మాకు మిగిలేది.

పెయిన్: ఎవరికీ చెప్పకపోతే తగ్గేది.

దినకర్ ఒక్కసారే చదివాడు. పదేళ్ల వయసులో ఈ మూడు వాక్యాలనూ అతను తన చేత్తో రాశాడు. కానీ ఈ రాత అతనిది కాదు.

"తెలుసా?" అన్నాడు దేవేంద్రన్.

"సౌమ్యది. పొదటూరుపేట తెలుగు బడిలో నాతో చదివింది. పాల్‌రాజ్ సార్ బోర్డు మీద రైమింగ్ మాటలు రాసేవారు. అర్థాలకు డిక్షనరీ చూడకూడదు, ఎవరికి వాళ్లే సొంతంగా రాయాలి. యాభై మందికి యాభై నోట్లు. ఏ రెండూ ఒకటి కావు."

చివరి వాక్యం అబద్ధం. రెండు నోట్లు ఒకటే. ఆ మాట అతని నోటికి రాలేదు. శత్రువుల చేతిలో మూడు రోజులున్నా ఒక్క మాట బయటపెట్టలేదని అతని ఫైల్లో ఉంది. ఆ విద్య అతను అయిదో తరగతిలోనే నేర్చాడని ఫైల్లో లేదు.

"సార్ కొన్ని నోట్లు దాచారు. వాటిలో దొరకవచ్చు. తిరుత్తణిలో ఇల్లు."

"వెళ్లి అడుగు."

"ఆయన పోయి పదకొండు రోజులైంది సార్. ఈ రోజు రెండు గంటలకు ఇంటి దగ్గర ఆదరణ కూడిక, సంతాప ప్రార్థన."

"సమాధికి వెళ్లలేదా?"

"లీవు అడగలేదు."

దేవేంద్రన్ అతని చొక్కా గుండీకి మైకు, చెవిలో రిసీవర్ అమర్చాడు. "ఏ వేషంలో వెళ్తావు?"

"పాత స్టూడెంటుగా."

"నమ్ముతారా?"

దినకర్ చెప్పులు తొడుక్కున్నాడు.

* * *

వీధికి అడ్డంగా షామియానా. ప్లాస్టిక్ కుర్చీల్లో బంధువులు, పాత విద్యార్థులు. కొండ మీది మైకులో మురుగన్ పాట, షామియానా కింద స్తోత్ర గీతం, రెండూ కలిసి వినిపిస్తున్నాయి. సార్ ఫోటో ముందు కళ్లద్దాలు, బైబిలు, ఒక ఎర్ర సిరా పెన్ను ఉన్నాయి.

"ఎవురది, దినకరా?" సార్ భార్య ఎస్తేరమ్మ లేచి వచ్చింది. "రా నాయనా. యాడున్నావు ఇన్నాళ్లు? ఫోను కూడా చేయించినానే."

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"సరి, పరవాలేదు. నీ ఉద్యోగం సంగతి సారుకు తెలుసులే. నువ్వు చేరేముందర ఇద్దరొచ్చినారు. ఈ పిల్లోడి గుణమెట్లాటిది అని అడిగినారు. మీ సారు అర్ధగంట పెన్ను పట్టుకొని ఊరికే కూసున్నాడు. ఏంది, సిరా అయిపోయిందా అని నేను గూడా ఎగతాళి చేసినాను. ఆమీట మంచోడే అని రాసి సంతకం పెట్టినాడు."

కాఫీ లోటా చేతిలో పెట్టింది. దినకర్ తాగలేకపోయాడు.

"అమ్మా, సార్ దాచిన నోట్లు..."

"రెండే మిగిలినాయి. కడమవన్నీ చెదలు తినేసినాయి. పోయినేడు సౌమ్య వచ్చి ఆమెది తీసుకుపోయింది. దినకర్ ఇప్పుడేం చేస్తాండాడు సార్ అని అడిగింది. ఆ పిల్లకి ఒక్కదానికే చెప్పినాడు మీ సారు. ఎందుకు చెప్పినాడో." బీరువాలోంచి ఒక నోటు తీసింది. "ఇదో, ఇది నీది."

లోపలి గదిలో నిలబడి దినకర్ పేజీలు తిప్పాడు. తన రాత. ఆమె మాటలు.

హిల్: మురుగన్ మొక్కు తీర్చి గుండు కొట్టించుకొనే ఊరు.

మిల్: సాయంత్రం అయిదుకు కూసేది.

టిల్: రైలు వచ్చేదాకా అవ్వ ప్లాట్‌ఫారం మీద నిలబడటం.

బిల్: జేబులో మడిచి పెట్టుకొనే కాగితం.

గుండీ దగ్గర పెదవులు కదిపాడు. "తిరుత్తణి. అయిదు. రైల్వే ప్లాట్‌ఫారం. కార్డు కాగితం పొట్లంలో."

"షేమ్?" అంది చెవిలో దేవేంద్రన్ గొంతు.

చివరి పేజీ. నేమ్, గేమ్, బ్లేమ్. షేమ్‌కు ఎదురుగా ఖాళీ.

సౌమ్యకు ఆ మాట తెలియలేదు, వదిలేసింది. ఆమె వదిలేసింది కాబట్టి దినకరూ వదిలేశాడు. ఆ ఖాళీయే పట్టించింది. సార్ రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి, ఎవరు చూసి రాసినారు అని అడిగారు. దినకర్ క్లాసులో మొదటివాడు. మర్నాడు ఇంగ్లీషు పోటీకి తిరువళ్లూరు వెళ్లాల్సినవాడు. తల వంచుకొని నిలబడ్డాడు. సౌమ్య అతని వైపు చూసింది. చెప్తాడనుకుంది. తర్వాత ఆమె కూడా ఏమీ చెప్పలేదు. మూడు గంటల బెల్లు కొట్టేదాకా ఆమె ఎండలో నిలబడింది. వారం తిరగకుండా ఆమె నాయన ఆమెను పళ్లిపట్టు తమిళ బడిలో చేర్చాడు. దినకర్‌కు పోటీలో స్టీలు గ్లాసు వచ్చింది.

ఖాళీ కింద ఎర్ర సిరాతో రెండు వరుసలున్నాయి. దినకర్ ఇంతవరకు వాటిని చూడలేదు.

'ఎవరు చూసి రాశారో నాకు ఆ రోజే తెలుసు. తెలిసే ఆ పిల్లను నిలబెట్టాను. పాల్‌రాజ్.'

"నలభై ఒకటి, షేమ్ అంటే ఏముంది?"

"ఖాళీ సార్."

"పొరపాటేనా?"

"కాదు. ఈ ఖాళీ ఉన్న నోట్లు లోకంలో రెండే. మోనిషా అంటే సౌమ్యే. ఆ మాట ముఠాకు కాదు, నాకు రాసింది. జవాబు అడుగుతోంది."

* * *

కారు ఆగింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఒక వజ్రపు ముక్కుపుడక. కుర్చీలన్నీ అటు తిరిగాయి. వెనకే తెల్ల చొక్కా మనిషి దిగాడు. దినకర్ అతని ఫోటో చూసి ఉన్నాడు. రామన్. చొక్కా కింద నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంది. ఇంతమంది మధ్య దినకర్ ఒక్కడే అతన్ని పట్టుకోలేడు.

"ఈయన మా ఆఫీసాయన," అని ఎస్తేరమ్మకు చెప్పింది సౌమ్య. దినకర్ వైపు చూడలేదు.

కూడికలో సాక్ష్యాలు మొదలయ్యాయి. పోయినవారి గురించి ఒక్కొక్కరే లేచి రెండు మాటలు చెప్పాలి. ఒకాయన సార్ కొట్టిన దెబ్బలు చెప్పి నవ్వించాడు. సౌమ్య లేచింది.

"సారు నాకు ఒక్క శిక్ష వేసినాడు. దానికి అర్థం ఇంకా ఎవురూ చెప్పలా. చెప్తారేమో అని వచ్చినాను."

కూర్చుంది. ఆమె చేతులు ఒళ్లోని హ్యాండ్‌బ్యాగును గట్టిగా పట్టుకున్నాయి.

కార్డు చేతికి వచ్చేదాకే రామన్‌కు ఆమె అవసరం, అందుకే రైలు వచ్చేదాకా ఆమె దాన్ని ఇవ్వదు. నకిలీ కార్డు ఇస్తే ప్లాట్‌ఫారం మీదే కాలుస్తాడు. తనను కాపాడేవాడు అక్కడ ఉంటాడని నమ్మకం కలిగితేనే ఆమె నకిలీది ఇవ్వగలదు. ఒకసారి ఎండలో వదిలేసినవాణ్ణి నమ్మాలి.

"దినకర్, నువ్వూ రెండు మాటలు చెప్పు నాయనా," అంది ఎస్తేరమ్మ.

మైకు చేతికి వచ్చింది. చొక్కా గుండీలో ఇంకో మైకు ఉంది. దేవేంద్రన్ వింటున్నాడు, ఆఫీసు మొత్తం వింటోంది.

"సార్ క్లాసులో మొదటి మార్కులు నావి," అన్నాడు. మైకు రెండో చేతికి మార్చుకున్నాడు. "ఆ నోటు నాది కాదు. సౌమ్యది చూసి రాసినాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఎండలో నిలబడాల్సింది నేను. ఆమె నిలబడింది. నేను నీడలో కూర్చొని చూసినాను."



"ఇప్పుడా రా చెప్పేది?" అన్నాడు వెనక వరుసలో నటరాజ్, అదే బెంచీవాడు. "తల నెరిసినాక!"

సౌమ్య కళ్లద్దాలు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది.

"ఎవరతను?" అన్నాడు రామన్ మెల్లగా.

"కాపీగాడు," అంది. "మంచినీళ్లు తాగి వస్తాను, ఉండండి." ఎస్తేరమ్మ భుజం పట్టుకొని వంటింట్లోకి వెళ్లింది. బ్యాగు కూడా ఆమెతో వెళ్లింది.

* * *

నాలుగు యాభై ఎనిమిది. తిరుత్తణి ప్లాట్‌ఫారం మీద మొక్కు తీర్చుకొన్న భక్తులు, నున్నటి గుండ్లు, వాటి మీద గంధం. అందులో రెండు గుండ్లు దేవేంద్రన్ మనుషులవి. ఉత్తుత్తి గుండ్లు వద్దన్నాడు దేవేంద్రన్. గంధం కింద నిజంగానే మండుతోంది.

అయిదుకు చెన్నై వైపు రైలు వచ్చి ఆగింది. రామన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి చెయ్యి చాచాడు. సౌమ్య విభూతి పొట్లంలాంటి కాగితం మడత ఇచ్చింది. అతను కార్డు తీసి ఫోన్‌లో దూర్చాడు. ఒక చెయ్యి నడుము దగ్గరే ఉంది. పది సెకన్లు. ఇరవై. దినకర్ టీ స్టాలు పక్కన ఉన్నాడు, మధ్యలో ఒక పూలబుట్ట. ముప్ఫై. రైలు కూసింది. నలభై.

ఫోన్‌లో అవతలి దేశం నుంచి జవాబు వచ్చింది. ఒక ప్రశ్న గుర్తు.

రామన్ ఫైలు తెరిచాడు. గీతల నోటు, పిల్లల గుండ్రటి రాత. 'గ్రెయిన్: ఎలకలు తినగా మాకు మిగిలేది.'

తుపాకీ పైకి లేచింది. దినకర్ అప్పటికే ఆమెకూ తుపాకీకీ మధ్య ఉన్నాడు. తూటా టీ స్టాలు రేకుకు తగిలింది. రెండో తూటా పేలేలోగా గంధం పూసిన రెండు గుండ్లు రామన్ పొట్టలో దిగబడ్డాయి. కదులుతున్న రైలు అతన్ని వదిలేసి వెళ్లిపోయింది.

"ఫినిష్," అంది చెవిలో దేవేంద్రన్ గొంతు. తర్వాత, "పొద్దున నాకెందుకు చెప్పలేదయ్యా?"

"సిగ్గేసింది సార్."

"రిపోర్టులో ఆ కాలమ్ లేదు," అని లైను కట్ చేశాడు.

సౌమ్య బ్యాగులోంచి తన పాత నోటు తీసి, వంటింట్లో ఖాకీ అట్ట లోపల దాచిన అసలు కార్డు అతని చేతిలో పెట్టింది.

"ట్రాన్స్‌లేటర్ ఉద్యోగం అని చేరినాను. తెలిసేపాటికి బయటికి రాలేకపోతిని," అంది. "వాళ్లు కోడ్‌బుక్ కావాలంటే, లోకంలో ఒక్కటే కాపీ ఉందని చెప్పి దీన్నే ఇచ్చినాను. దొంగ కాపీ ఒకటుందని వాళ్లకు చెప్పలా."

"నేను లేచి చెప్పకపోయుంటే?"

"నిజం కార్డే ఇచ్చుందును. నిన్ను నమ్మి తుపాకీ ముందర నిలబడేదానికి నాకేం పిచ్చా?"

ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. అతను బయల్దేరేటప్పుడు ఎస్తేరమ్మ ఇచ్చిన సార్ ఎర్ర సిరా పెన్ను జేబులో ఉంది. దినకర్ తన నోటు చివరి పేజీ తెరిచాడు. ఎర్ర వరుసలు చూపించాడు. ఆమె చదివింది, ఆ వరుసల మీద వేలు పెట్టి మళ్లీ చదివింది.

దినకర్ పెన్ను మూత తీసి, షేమ్‌కు ఎదురుగా ఉన్న ఖాళీ దగ్గర పెట్టి ఆగిపోయాడు. తెలియకుండానే అతని చూపు ఆమె నోటు వైపు వెళ్లింది.

సౌమ్య తన నోటును అరచేత్తో మూసింది.

"ఈ తూరన్నా చూడకుండా రాయి."