బేకింగ్ సోడాకు డచ్ మాట

"గుఢియారీ పేటలో హెండ్రిక్ అనే డచ్చివాడు బేకరీ నడుపుతున్నాడు. లోపల తయారవుతున్నది మాత్రం బ్రెడ్డు కాదు. వెళ్లి చూడు," అన్నాడు చీఫ్ వెంకటస్వామి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఏజెంట్ యుగంధర్ మైదా వ్యాపారి వేషంలో ఆ బేకరీలోకి అడుగుపెట్టాడు. కాలరు గుండీలో మైక్, చెవిలో ఇయర్‌పీస్, నడుము దగ్గర పిస్టల్. కౌంటర్ ఖాళీ. వెనక గదిలోకి వెళ్లగానే కాలికింద 'క్లిక్' మంది.

"అరే, హిలో మత్! కాలు ఎత్తావంటే అంతా ఖతం!"

పొయ్యి పక్కన చాందిని నిలబడి ఉంది. హెండ్రిక్ దగ్గర మేనేజరు. రెండేళ్లుగా అతని రహస్యాలు డిపార్ట్‌మెంటుకు అమ్ముతోంది. డిపార్ట్‌మెంటు రహస్యాలు అతనికి అమ్ముతోందని అందరి అనుమానం.

"హెండ్రిక్ ఏడి?"

"భాగ్ గయా. గోడనిండా బాంబులు పెట్టి పోయాడు. ఆపాలంటే ఒక్క మాట కొట్టాలి. బేకింగ్ సోడా. వాడి భాషలో."

గోడమీద కీప్యాడ్, దాని పైన ఎర్రగా తరిగిపోతున్న అంకెలు. యుగంధర్ చెయ్యి అంత దూరం అందదు. కిటికీ అవతల బజారు కిటకిటలాడుతోంది. సిగ్నల్ దొరకని ప్యాసింజర్ రైలు నిండా జనంతో పట్టాలమీద ఆగి ఉంది. తను పుట్టి పెరిగిన పేట. అరిస్తే తొక్కిసలాట, కదిలితే పేలుడు.

"సార్, డచ్‌లో బేకింగ్ సోడాని ఏమంటారు?"

"బాక్‌పూడర్," అన్నాడు చీఫ్ చెవిలో. యుగంధర్ ఆ మాటే పైకి అన్నాడు.

చాందిని తల అడ్డంగా ఊపింది. "అది బేకింగ్ పౌడర్."

"అయితే ఉత్త సోడా అనే కొట్టమను!" అన్నాడు చీఫ్. యుగంధర్ అదీ చెప్పాడు.

"వాళ్లకి సోడా అంటే బట్టలుతికేది. నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడేళ్లు కేకులు చేశాను. నాకు తెలుసు. జైవరింగ్స్‌జౌట్. శుద్ధిచేసే ఉప్పు అన్నమాట. ఒకసారి తప్పు కొడితే ఇంకో ఛాన్స్ లేదు."

"దాన్ని నమ్మకు. కీప్యాడ్ మీద వేలు పెడితే కాల్చెయ్," అన్నాడు చీఫ్ చెవిలో.

యుగంధర్ పిస్టల్ తీశాడు. కాల్చాక ఆ అక్షరాలు ఎవరు కొడతారు? చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి కూడా భయం.

"తలుపు తెరిచే ఉంది కదా. నువ్వెందుకు పారిపోలేదు?"

"అమ్మ బయట బజార్లో కూరలు కొంటోంది. పిలిస్తే వస్తుందా, బేరం తెగందే?"

ఆమె గొంతు వణికింది. నటన కూడా అలాగే వణుకుతుందని యుగంధర్‌కి తెలుసు. అయినా పిస్టల్ దించాడు. ఇంకేం చెయ్యగలడు?

జెడ్. యు. ఐ. ఆమె వేళ్లు ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాయి. అంకెలు సున్నాకి దగ్గరపడ్డాయి. చివరి టి నొక్కగానే అతను కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు. అంకె ఒకటి దగ్గర ఆగింది. పచ్చలైటు వెలిగింది. బయట రైలు కూత వేసి కదిలింది.

"ఇక కాలు తియ్యొచ్చు," అంటూ చాందిని బల్లమీది హెండ్రిక్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుంది. "నమ్మితే." అమ్మ ఉన్న వైపు గబగబా వెళ్లి జనంలో కలిసిపోయింది.

"ఆగింది సార్. హెండ్రిక్ ల్యాప్‌టాప్ ఆమె పట్టుకుపోయింది," అన్నాడు యుగంధర్.

"శభాష్!" చీఫ్ గొంతు పొంగిపోయింది. "ఆ ల్యాప్‌టాప్ కావాలి. వెంటపడి పట్టుకో!"

"సార్," అన్నాడు యుగంధర్ ఇంకా ఎత్తని తన బూటు వైపు చూస్తూ, "ముందు వేరే ఎవరినైనా పంపండి."