కింది గదిలో గువ్వ గొంతు

ఉదయం ఏడయ్యేసరికి గువ్వ అద్దం ముందు కూర్చోవాలి. దీవికి వచ్చి ఆరు నెలలైనా ఆ నియమం మారలేదు. ఎనిమిదేళ్ళ గువ్వ వెనకాల స్టూలు వేసుకుని తల్లి కూర్చునేది. కూతురి భుజాల మీద చేతులు వేసి, గాలి పీల్చుకో, నెమ్మదిగా వదులు, ఇప్పుడు చెప్పు అనేది. గువ్వ గాలి పీల్చుకునేది, వదిలేది, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. అద్దంలో దాని మెడ నరాలు తేలి కనిపించేవి.

"ప... ప... ప..."

"పక్షులు ఎగురుతున్నాయి," అంది తల్లి. "అంతేగా? ఎంత చిన్న మాటో చూడు."

గువ్వ తల ఊపింది. తల ఊపడం దానికి బాగా వచ్చు.

దీవికి రాకముందు తల్లి రేడియోలో వార్తలు చదివేది. పదిహేడేళ్ళుగా ఆమె గొంతుతోనే వాళ్ళ ఊరు నిద్ర లేచేది. వీధిలో అందరూ ఆమెను వార్తలమ్మ అనే పిలిచేవారు. బజారులో ముఖం గుర్తుపట్టనివాళ్ళు కూడా "కిలో ఎంత" అని అడగ్గానే తలెత్తి చూసేవారు. అలాంటి మనిషి కడుపున నత్తి పిల్ల పుట్టింది. "ఇంత గొంతున్న తల్లికి..." అని మొదలుపెట్టి, మర్యాద కోసం మిగతాది మింగేసేవాళ్ళను ఆమె ఎంతమందిని చూసిందో లెక్క లేదు. మింగేసిన సగమే ఆమెకు ఎక్కువగా వినిపించేది.

భర్త ఇంజనీరు. పడవలు ఆగే రేవులు కట్టిస్తాడు. ఈ దీవిలో ఏడాది పని పడినప్పుడు ఆమె సెలవు పెట్టి, పిల్లను బడి మాన్పించి వెంట వచ్చేసింది. ఇక్కడ వెక్కిరించే పిల్లలుండరు, తొందరపెట్టే టీచర్లుండరు, ఏడాది తిరిగేసరికి దీనిచేత గలగలా మాట్లాడించి తీసుకెళ్తాను అని మొక్కుకున్నంత గట్టిగా అనుకుంది.

వాళ్ళు అద్దెకు దిగింది చెక్క ఇల్లు. మేడ మీద రెండు గదులు వీళ్ళవి. కింద ఉన్నదంతా ఒకే పొడవాటి గది. అందులో ఇంటావిడ తెరచాపలు కుట్టేది. అరవై దాటిన మనిషి, ఒంటరిది. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, నేలంతా పరిచిన గుడ్డ మీద కూర్చుని, మైనం పట్టించిన దారంతో పొద్దస్తమానం కుట్టేది. ఆమెకు దీవి భాష తప్ప మరోటి రాదు. తెరచాపలమ్మ అని పూర్తిగా అనడానికి బద్ధకించి ఇంజనీరు ఆమెను చాపలమ్మ అనేవాడు. వినేవాళ్ళు చేపలమ్మే మనిషి అనుకోకపోతే చాలని తనే నవ్వేవాడు.

ఆ ఉదయం అద్దం పాఠం అవగానే గువ్వ కిందికి వెళ్ళింది. తల్లి మేడ మీద బట్టలు మడతపెడుతోంది. కింది నుంచి ఎవరో పిల్ల గొంతు వినిపించింది. దీవి భాషలో ఏదో పెద్ద కథ చెబుతోంది. మధ్యలో తనే నవ్వుకుంటోంది, మళ్ళీ అందుకుంటోంది. మాటకి మాట అతికినట్టు సాఫీగా వస్తోంది. పక్కింటి పిల్ల కాబోలు, ఎంత చక్కగా మాట్లాడుతోంది, ఇలాంటి పిల్లతో మా గువ్వ కాసేపు ఆడుకున్నా బాగుండు అనుకుంది ఆమె. కాసేపటికి గువ్వ గొంతు వినబడదేమా అని మోకాళ్ళ మీద కూర్చుని, నేల చెక్కల సందులోంచి కిందికి చూసింది.

కింద ఇద్దరే ఉన్నారు. చాపలమ్మ, గువ్వ.

స్టూడియోలో చీకట్లో ఎవరు దగ్గినా పేరు చెప్పగలిగిన చెవులు ఆమెవి. ఆ చెవులు కన్నకూతురి గొంతును పోల్చుకోలేదు. ఆ క్షణంలో సంతోషించాల్సిందని ఆమెకూ తెలుసు. సంతోషం రాలేదు. ఏళ్ళ తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగింది తను. రోజుకి గంట అద్దం ముందు కూర్చున్నది తను. పండు మాత్రం ఆ ముసలామె ఒళ్ళో రాలింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్తతో అంది. అతను ముద్ద కలుపుతూ, రెండు నెలలైంది కదా అన్నాడు. రేవు నుంచి వచ్చేటప్పుడు రోజూ కింద గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే దాన్ని కూడా పాఠం చేసేస్తావని."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. తనకి తప్ప ఇంట్లో అందరికీ ఆ గొంతు తెలుసన్నమాట. ఆ తర్వాతి వారమంతా ఆమె ఒక విధమైన కాపలా కాసింది. గువ్వ పైకి రాగానే దాని వేళ్ళు వాసన చూసేది. మైనం వాసన వచ్చేది. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగేది. చాపలమ్మ మిగిలిన గుడ్డతో పిల్లకి భుజాన తగిలించుకునే సంచీ కుట్టి ఇస్తే, అది కనపడకుండా పెట్టెలో అడుగున తోసేసి, ఎక్కడ పారేసుకున్నావో వెతుక్కో అంది. అన్నాక సిగ్గేసింది, అయినా తీసి ఇవ్వలేదు. రంగు పెన్సిళ్ళు కొంది. కథలు గొంతు మార్చి మార్చి చదివి వినిపించింది. గువ్వ బుద్ధిగా వినేది. కథ అయిపోగానే కళ్ళు మెట్ల వైపు వెళ్ళేవి.

ఒకరోజు నేల సందులోంచి చూస్తుంటే కింద పిల్లకి సూది గుచ్చుకుంది. గువ్వ "అమ్మా" అని ఏడవలేదు. దీవి భాషలో ఏదో ఒక మాట అంది. చాపలమ్మ ఆ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

ఇక ఆగలేకపోయింది వార్తలమ్మ. రేపటి నుంచి కిందికి దిగడానికి వీల్లేదని పిల్లతో చెప్పేసింది. ఎందుకని గువ్వ అడగలేదు, తల ఊపింది. ఆ తర్వాత నాలుగు రోజులు అసలు మాట్లాడలేదు. నత్తి కూడా లేదు. అద్దం ముందు కూర్చుని నోరు మూసుకునే ఉండేది. ఆకలి వేస్తోందా అంటే తల, నిద్ర వస్తోందా అంటే తల. ఇంజనీరు ఆ మాటా ఈ మాటా చెప్పి చూశాడు. గురువారం పడవకి నేనూ పిల్లా వెళ్ళిపోతాం, మీ రేవు పూర్తయ్యాక మీరు రండి అని ఆమె తేల్చేసింది. దీని బతుకు ఇక్కడ బాగుపడేలా ఉంటే దాన్నెందుకు తీసుకెళ్తావు అని అతను అడిగితే, నా పిల్లని ఎలా పెంచాలో కుట్టుపని మనిషి దగ్గర నేర్చుకోను అంది. పెట్టెలు మంచం మీదికి వచ్చాయి.

బుధవారం పగలు పది గంటలకి చాపలమ్మ మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి మంచం మీది పెట్టెల్ని చూసింది, గువ్వని చూసింది. దీవి భాషలో తల్లితో ఏదో అంది. ఇంజనీరు పనిలో ఉన్నాడు. తల్లికి ఆ భాషలో ఉప్పు, నీళ్ళు, ఎంత అన్న మాటలు తప్ప రావు. ఆ వేళ ఇంట్లో రెండు భాషలూ వచ్చిన మనిషి గువ్వ ఒక్కతే.

"ఏమంటోంది?" అని కూతుర్ని అడిగింది. వెంటనే అంది, "ఏమన్నా సరే, నేను చెప్పేది ముందు చెప్పు. నా కూతుర్ని నా దగ్గర్నుంచి లాక్కోవద్దని చెప్పు. నీకు పిల్లలు లేకపోతే అది నా తప్పు కాదని చెప్పు."

ఆ చివరి మాట నోరు దాటాక ఆమె కూడా ఉలిక్కిపడింది. గువ్వ తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత చాపలమ్మ వైపు తిరిగి, ఆ భాషలో చెప్పింది. ఎక్కడా తడబడలేదు. రెండు వాక్యాలూ చెప్పిందని, ఏదీ దాచలేదని చాపలమ్మ ముఖం చూస్తేనే తెలిసింది. ఆమె కోప్పడలేదు. గుమ్మంలోనే నేల మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడింది.

గువ్వ తల్లి వైపు తిరిగింది. ఇప్పుడు తెలుగులో చెప్పాలి.

"మొ... మొ... మొ..."

తల్లి పెదవులు అలవాటు ప్రకారం కదిలాయి. కదిలి ఆగిపోయాయి. ఏమని అందించాలి? అవతలి మనిషి ఏమందో ఆమెకు తెలియదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, కూతురి నోటి చివర ఏ మాట ఉందో ఆమెకు అంతు చిక్కలేదు. ఎదురుచూడక తప్పలేదు.

"మొదట... నాలుగు రోజులు... ఈ పిల్ల మూ... మూగది అనుకున్నాను అంటోంది. ఐదో రోజు సూ... సూదిని ఏమంటారని అడిగిందట. అడగడానికి చా... చాలాసేపు పట్టిందట. నాకు మీ భాష రాదు కదా... ఏం అడుగుతుందో ఊ... ఊహించలేకపోయాను. అందుకని ఊరికే కూర్చున్నాను అంటోంది. నేనేం నే... నేర్పలేదు. నాకు చేతకాదు. ఊరికే కూర్చున్నాను, అంతే."

గువ్వ ఊపిరి తీసుకుంది.

"కింద కూర్చుని నేను రోజంతా నీ... నీ గురించే చెబుతానట. మా అమ్మ గొంతు ఊరంతటినీ లే... లేపుతుందని. అందుకే ఆవిడ నిన్ను చూడ్డానికి పై... పైకి రావాలంటే భయపడేదట. పిల్లలు లేరన్నది... ని... నిజమే అంటోంది. కానీ అమ్మ ఎవరో ఈ పిల్లకి బాగా తె... తెలుసు అంటోంది."

తల్లి కళ్ళు చాపలమ్మ చేతుల మీద ఉన్నాయి. తోలు పట్టీ లేని అరచెయ్యి తెల్లగా, చిన్నగా కనిపించింది. ఇంకేమైనా అందా అని అడిగింది.

"అమ్మా, నా మా... నా మాట నువ్వు ముందే అనేస్తావు."

"ఇదీ ఆవిడే అందా?"

గువ్వ అడ్డంగా తల ఊపింది. "నేను."

తల్లి స్టూలు మీద కూర్చుండిపోయింది. గువ్వ ఆపలేదు. ఒక్కో మాటని నూతిలోంచి చేద లాగినట్టు లాగుతూ చెప్పింది. ఊరు వదిలే రోజు రేడియో ఆఫీసులో అందరూ చుట్టూ చేరి, దీవికి వెళ్ళాలంటే భయంగా ఉందా అని అడిగారు. తను భ, భ అంటుంటే, భయమేం లేదంటోంది అని అమ్మ అనేసింది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. భయంగానే ఉందని చెప్పాలనుకుంది తను. తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయింది.

"చా... చాలాసార్లు నువ్వనేది నా మాట కాదమ్మా. కానీ నువ్వు అనేశాక... బా... బాగుంటుంది కదా, తల ఊపేస్తాను."

వార్తలమ్మకి ఎన్నెన్నో తల ఊపులు గుర్తొచ్చాయి. పుట్టినరోజుకి నీలం గౌను కావాలంటోంది అంటే ఊపింది. బడి మానేస్తానంటోంది అని భర్తకి చెబితే ఊపింది. వాటిలో ఎన్ని దానివో, ఎన్ని తనవో ఇప్పుడు తేల్చుకోలేకపోయింది. దాని మాటకి ఉన్న అడ్డం నత్తి ఒక్కటే అనుకుంది ఇన్నాళ్ళూ. దానికి అడ్డంగా తను కూర్చుందని, అదీ ప్రేమతో, శ్రద్ధతో, మంచి ఉచ్చారణతో కూర్చుందని ఇప్పుడు తెలిసి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గువ్వ దగ్గరికొచ్చి ఆమె భుజాల మీద చేతులు వేసింది. చాపలమ్మ లేవబోతే తల్లి చెయ్యి చాపి ఆపింది.

గురువారం పడవ వాళ్ళు లేకుండానే వెళ్ళింది. గుడ్డ సంచీని పెట్టెలోంచి తీసి పిల్లకిచ్చి, తనే దాచానని ఒప్పుకుంది ఆమె. తెలుసంది గువ్వ. అద్దం పాఠం ఆ వారంతో ఆగిపోయింది. నత్తి మాత్రం ఎక్కడికీ పోలేదు. తెలుగులో అలాగే ఉంది. అమ్మ దగ్గర కాస్త తగ్గినట్టు ఇంజనీరుకి అనిపించేది, అదీ ఆశ కొద్దీ కావచ్చు.

అసూయ కూడా ఒక్కరోజులో పోలేదు. కింద నవ్వులు వినబడితే ఇప్పటికీ ఆమె గుండెలో చిన్న పోటు వచ్చేది. అలాంటప్పుడు చేతిలో పని పక్కన పెట్టి తనూ మెట్లు దిగేది. గుడ్డ అంచు పట్టుకుని కూర్చునేది. గువ్వే ఆమెకు దీవి భాష నేర్పింది. గురువుగా అది కాస్త కఠినం. తల్లి ఒకే మాట పదిసార్లు తప్పు పలికితే, రేడియోలో ఉద్యోగం ఎవరిచ్చారమ్మా నీకు అన్నట్టు చూసేది.

నెల తిరిగాక ఒక ఉదయం వార్తలమ్మ చాపలమ్మకి ఎదురుగా కూర్చుని, చెప్పాల్సిన మాట ఒకటి మొదలుపెట్టింది. ఆ రోజు మీతో అలా అనకుండా ఉండాల్సింది, నన్ను క్షమించండి అని. రాత్రంతా మనసులో వల్లె వేసుకున్న వాక్యం. సగం దాకా వచ్చి ఆగిపోయింది. క్షమించడానికి ఆ భాషలో ఏమంటారో ఎంతకీ గుర్తుకు రాలేదు. పదిహేడేళ్ళ గొంతు ఖాళీగా నోరు తెరుచుకుని ఉండిపోయింది. సాయం కోసం కూతురి వైపు చూసింది.

గువ్వకి ఆ మాట తెలుసు. పెదవులు గట్టిగా బిగించుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తల్లినే చూస్తూ కూర్చుంది. చాపలమ్మ సూది గుచ్చిన చోటే ఆపి, ఆమె కూడా కూర్చుంది. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.

చాలాసేపటికి, అక్షరం వెనక అక్షరం వెతుక్కుంటూ, వార్తలమ్మ ఆ మాటని తనే పూర్తి చేసింది.