నూరిన మాత్ర

బీపీ మందు తాగిన ఖైదీ గ్లాసు కింద పెట్టకముందే చచ్చిపోయాడు. మందుల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు జాలిపడలేదు. తమ మందు కూడా ఆ కల్వంలో నూరిందేనని గుర్తొచ్చి గోడకు అతుక్కుపోయారు.

"నిద్రల గుండెపోటొచ్చిందని పేపర్లోళ్లకు చెప్పినం," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ జలపతి రావు. జగిత్యాలలో ఒక అద్దె ఇంటి మేడ మీద, ఏజెంట్ విశ్వజిత్ ముందు రెండు ఫోటోలు పడేశాడు. ఒకదాని మీద ఎర్ర ఇంటూ ఉంది.

"ఇద్దరు గల్ఫ్‌కు పోయినోళ్లు. విదేశీ ముఠా ఈళ్లను కొరియర్లుగ వాడుకున్నది. ముఠా బాస్ మొఖం చూసింది గీ ఇద్దరే. ఒకడు పాయె. మిగిలింది రుద్రంగి మల్లేశం. ఫిట్స్ పేషెంట్. రేపు ఢిల్లీ టీమ్ అచ్చి బాస్ స్కెచ్ గీయించేదాక వీడు బతకాలె."

"పోస్ట్‌మార్టమ్ ఏమంటది?"

"మాత్ర మీద స్పెషల్ కోటింగ్. పొద్దున మింగితే రాత్రికి కరిగి, నిద్రల ప్రాణం తీస్తది."

"మరి కిటికీ కాడనే ఎట్ల సచ్చిండు?"

"గదే నువ్వు తేల్చాలె. కంపౌండర్ వేషంల పో. కోరుట్లల మన డబుల్ ఏజెంట్ రమ్య ఉన్నది. ముఠా మనిషిలెక్క నటిస్తది, మనకు పనిచేస్తది. జైలుకు మందుల సప్లై ఆమెదే."

జైలు పాత కంపౌండర్‌ను అప్పటికే వేళ్లు విరిగేదాకా ప్రశ్నించారు. ఏమీ తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. పాపం, తెలియనివాడికే దెబ్బలెక్కువ.

జైల్లో మందులిచ్చే తీరు విశ్వజిత్ ఒక్క పూటలో నేర్చుకున్నాడు. మాత్ర ఖైదీ చేతికివ్వరు. ఇస్తే బుగ్గన దాచి, బీడీలకు అమ్ముకుంటాడు. అందుకని కల్వంలో నూరి, నీళ్లలో కలిపి, ఎదుటే తాగిస్తారు. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూస్తారు.

కల్వం వంక చూస్తుంటే అతనికి విషయం వెలిగింది. నూరితే కోటింగ్ ఏమవుతుంది? విషం అక్కడికక్కడే పనిచేస్తుంది. లోపలివాడైతే ఈ తప్పు చేయడు. హంతకులు జైలు బయటివాళ్లు. తమ ప్లాన్ తప్పిందని కూడా వాళ్లకింకా తెలియదు.

కోరుట్ల బస్టాండ్ ఎదుట ఏసీ కారు. లోపల నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, ఖరీదైన సెంటు.

"కొండగట్టు బస్సు పోయిందా మేడమ్?"

"అంజన్న పిలిస్తె ఆగుతది."

కోడ్ కలిసింది. రమ్య అద్దాలు తీసి నవ్వింది. ఆ నవ్వుకు ఎంతమంది ఆఫీసర్లు ఫైళ్లు అప్పగించారో!

"పాత స్టాక్ నమ్మకు. కంపౌండరే ఏదో కలిపిండు. సిరిసిల్ల గోడౌన్‌ల నా ఎదుట సీలేయించిన డబ్బా ఉన్నది. మల్లేశంకు గదే ఇయ్యి."

"సీల్ తీసేటప్పుడు మీరుండాలె. జైలు రూల్."

"వస్త. అర్ధగంటల పని," అంది.

ఆమె జైలు మందుల గదిలోకి రాగానే రెండు గేట్లకూ తాళాలు పడ్డాయి. విశ్వజిత్ సీల్ తీసి, బల్ల చాటున పెన్నులోని యూవీ టార్చి వేశాడు. పోస్ట్‌మార్టమ్‌లో దొరికిన కోటింగ్‌లాగే మాత్ర నీలంగా మెరిసింది. విషమే. కానీ ఇప్పుడు పట్టుకుంటే, సీల్ ఎవరో మార్చారని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

మాత్రను కల్వంలో వేశాడు.

"నూరుతున్నవేంది?" రమ్య గొంతు మారింది. "నూరితే పవర్ పోతది. గట్లనే మింగియ్యి!"

"ఇక్కడ ఎవరికైనా నూరే పోస్తం మేడమ్. మొన్నటాయినకు సుత నూరే పోసిన్రు. గిక్కడ్నే పడ్డడు."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. గేట్ల వైపు చూసింది. తన డబ్బా, తన సీలు, వాడు తాగితే తన ఎదుటే శవం!

కిటికీ ఊచల అవతల మల్లేశం గ్లాసు అందుకున్నాడు. "నా బిడ్డ వర్ష రేపు ములాఖత్‌కు అస్తదట సారు," అంటూ ఎత్తాడు. విశ్వజిత్ కదల్లేదు. రమ్య చేతుల వంకే చూస్తున్నాడు. గ్లాసు అంచు పెదవికి తగిలింది.

రమ్య ఊచల్లోంచి చెయ్యి దూర్చి గ్లాసును ఒక్క దెబ్బ కొట్టింది.

మందు నేలపాలైంది. మరుక్షణం ఆమె చెవి కమ్మ లాగి నోట్లో వేసుకుంది. విశ్వజిత్ ఆమె దవడ పట్టుకుని ఎముక కటుక్కుమనేదాకా నొక్కాడు.

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

నాలుక కింద, కమ్మలో దాచిన సైనైడ్ క్యాప్సూల్ పగలకుండానే దొరికింది. చావు చేజారాక మాట దాచుకోవడం కష్టం. సాయంత్రానికల్లా సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు వెనకున్న ముఠా ల్యాబ్‌కు తాళం పడింది.

మల్లేశం మాత్రం కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. "గామె కొట్టకపోతే నా గతేంది సారు?"

"కొడ్తదనుకున్న."

"అనుకున్నరా!"

విశ్వజిత్‌కు సిగ్గేసింది. మంచి మాత్ర తెచ్చి, నూరి, గ్లాసు అందించబోయాడు. మల్లేశం ముట్టుకోలేదు.

"ముందుగాల మీరొక గుక్క తాగుండ్రి. తాగి సూపియ్యుండ్రి."

విశ్వజిత్ ఒక గుక్క మింగాడు. ఎన్ని దేశాల్లో ఎన్ని చిత్రహింసలు పెట్టినా తెరవని నోరు అది. రుద్రంగి మల్లేశం ఎదుట బుద్ధిగా తెరుచుకుంది. నాలుక కూడా ఎత్తి చూపించింది.