సగానికి విరగని మాత్ర

సోమవారం ఉదయం 8:40. పుస్తకాలు బైండింగ్ చేసే ఆవిడ తన గదిలో నేల మీద పడి ఉంది. స్పృహ లేదు. పెదవి చివర రక్తం. పక్కన మూత లేని మందు సీసా. ఖాళీ.

అంబులెన్స్ వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టర్ గదంతా కలియజూసింది. కిటికీ గట్టు మీద రంగురంగుల దారపు ఉండలు ఎండకు మెరుస్తున్నాయి. ఒకే కుర్చీ. ఒకే గ్లాసు. ఆమెకు తన ఇల్లే చూస్తున్నట్టనిపించింది.

తొమ్మిదింటికి డాక్టర్ ఫోన్.

"యాంగ్జయిటీ మాత్రలు ఎక్కువ మింగిందా మేడమ్? మింగితే విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వాలి. మింగకపోతే అదే ప్రాణం మీదికి తెస్తుంది. అరగంటలో తేల్చండి."

ఎదురుగా ఇద్దరున్నారు. మందుల షాపాయన, బైండింగ్ ఆవిడ అక్క కూతురు.

"డోసెంత?"

"పొద్దున సగం, రాత్రి ఒకటి. రెండేళ్ళుగా అంతే," అన్నాడు షాపాయన. "డాక్టర్ చీటీ లేనిదే మా ఆవిడ అడిగినా ఇవ్వను మేడమ్!"

"తీసుకెళ్ళేదెవరు?"

"ఈ అమ్మాయే."

"గురువారం తెచ్చిచ్చా," అంది ఆ అమ్మాయి. "జిగురు చేతులతో స్ట్రిప్పు చింపలేనంటుంది పిన్ని. నేనే ఊడదీసి సీసాలో పోస్తా."

బల్ల కింద దూరిన కానిస్టేబుల్ కేకేశాడు. "మాత్రలన్నీ ఇక్కడికి దొర్లాయి మేడమ్!"

ఇన్‌స్పెక్టర్ ఒకటి తీసుకుంది. బల్ల మీది ప్లేటు వంక చూసింది. అందులో బైండింగ్ కత్తి, కాస్త తెల్లటి పొడి. అందరూ చూసిందే. ఎవరూ పట్టించుకోలేదు.

"వెంట్రుకవాసి తేడా లేకుండా అట్టలు కోసే చెయ్యి. సగం మాత్ర కోయలేక పిండి చేసిందా? షాపాయనా, మీ మాత్ర చూపించండి."

ఆయన కొట్టుకు పరుగెత్తి స్ట్రిప్పు తెచ్చాడు. అదే రంగు, అదే సైజు. కానీ ఈ మాత్ర మధ్యలో గీత. నొక్కితే చక్కగా రెండైంది. నేల మీద దొరికినదానికి గీతే లేదు.

"ఇది విటమిన్ బిళ్ళ!" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగింది.

"ఎందుకు మార్చావు?"

అమ్మాయి గోడకు జారగిలబడిపోయింది. "నేను కబుర్లు చెబుతుంటే తూగేది మేడమ్. మాట్లాడుకోడానికి నాకు పిన్ని తప్ప ఎవరున్నారు? మందు మాన్పిస్తే మునుపటిలా నవ్వుతుందనుకున్నా."

"రెండేళ్ళు వాడిన మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వస్తాయి తల్లీ. ఆ రక్తం నాలుక కరుచుకుంటే వచ్చింది. తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి. వారాల తరబడి, కొద్దికొద్దిగా."

9:22. ఇన్‌స్పెక్టర్ ఫోన్ అందుకుంది. "ఆ ఇంజెక్షన్ వద్దు డాక్టర్! ఎక్కువ మింగలేదు. నాలుగు రోజులుగా అసలు మందే పడలేదు."

సాయంత్రానికి ఆవిడ కళ్ళు తెరిచింది. జరిగిందంతా వింది.

"కంప్లయింట్ రాసుకోమంటారా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"రాస్తే దాన్ని తీసుకెళ్ళిపోతారా?"

"తీసుకెళ్ళాల్సి రావచ్చు."

"వద్దులేమ్మా," అంది ఆవిడ. "నా తలుపు తట్టేది అదొక్కతే."