పుట్టనివారి కుర్చీ

అరుణ రాష్ట్రంలో తెల్లారగానే ఎవరూ ఆకాశంకేసి చూడరు, గోడకున్న నీటి మీటరుకేసి చూస్తారు. కుజగ్రహం మీద మనుషులు స్థిరపడి మూడు తరాలైనా దాహం మాత్రం తీరలేదు.

ఆ ఉదయం శాసనమండలి అధ్యక్షురాలు అలివేణి దిగులుగానే సభకు బయలుదేరింది. ఆమె సొంతూరు నీలగుట్టలో చెల్లెలి పిల్లలు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని బడికి పోతున్నారు. దక్షిణ లోయ అడుగునున్న పాత మంచునంతా కరిగించాలని శాసనసభ బిల్లు పంపింది. బిల్లును చంపే అధికారం మండలికి లేదు. మూడు నెలలు ఆపగలదు, సవరణ చెప్పి తిప్పి పంపగలదు. ఆవేశంలో ఉన్నవాణ్ణి కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడమే పెద్దల సభ చేసే పని. సగం మంచే కరిగించాలన్న సవరణ మీద సభ్యులు సరిసమానంగా చీలారు. అలాంటప్పుడే అధ్యక్షస్థానానికి ఓటు దక్కుతుంది.

నామినేటెడ్ వరుసలో ఒక కుర్చీలో మనిషి ఉండడు, భావివాణి ఉంటుంది. శాస్త్రవేత్త జుబేదా కనిపెట్టిన ఆ యంత్రం కాలంలోకి పోదు. ఇప్పటివారి జన్యువులు, అలవాట్లు, తగాదాలు అన్నీ కలిపి సిమ్యులేషన్ చేసి, నూరేళ్ల తర్వాతి మనుషులను లెక్కగట్టి మాట్లాడిస్తుంది. వారికి మాట ఉంది, ఓటు లేదు.

జుబేదా మీట నొక్కింది. మొదట గుసగుస, ఆపైన వేల గొంతులు. తల్లులే ఇంకా పుట్టని బిడ్డలు దగ్గుతూ నవ్వుతూ ఉంటే అలివేణికి ఒళ్లు జలదరించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో ఒక ఆడగొంతు అచ్చం నీలగుట్ట యాసలో పలికింది.

"అవ్వా, ఆ మంచు కరగబెట్టొద్దండి. మొత్తం మాకే ఇడిసిపెట్టండి."

"మీరేం చేస్తారు తల్లీ?"

"ఇంగేం జేస్తాం, కరగబెట్టుకుంటాం. దప్పిక గదా."

"మొత్తమా? మరి మీ తర్వాతివాళ్లు?"

"వాళ్ల సంగతి వాళ్లు జూసుకుంటార్లే."

"వాళ్ల మాట వినడానికి మీకూ ఇలాంటి యంత్రం ఉండాలే."

"ఉండె. వాళ్లూ మంచు మాకే గావాలన్యారు. అందుకని దాన్ని తీసేస్తిమి."

జుబేదా తల దించుకుంది.

"లెక్కెక్కడో తప్పినట్టుంది మేడమ్."

"ఎక్కడా తప్పలేదమ్మా," అంది అలివేణి. గొంతులో ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. "అక్షరాలా మన పిల్లలే."

చెల్లెలి పిల్లలు గుర్తొచ్చారు. ఆ వేల గొంతుల తర్వాత పుట్టబోయేవారు, మాట్లాడే యంత్రం కూడా పోయినవారు, వారూ గుర్తొచ్చారు. ఆమె సగం మంచుకే ఓటు వేసింది.

అంతా కావాలన్న సభ్యులు లేచి నిలబడ్డారు. కుర్చీలోని యంత్రం నుంచీ అరుపులు లేచాయి. నూరేళ్ల ఎడమున్న ఆ రెండు పక్షాలూ ఒక్క గొంతై అన్నాయి:

"అధ్యక్షా, మాకు అన్యాయం జరిగింది."