మూడో డిపాజిట్

"ఎలియాజర్ బతికే ఉన్నాడు. మూడో డిపాజిట్ పడేదాకా."

ఇయర్‌పీస్‌లో ప్రిస్సిల్లా మేడమ్ గొంతు. రాజధాని శివారు గంగాలిన్‌లో ఇరుగుపొరుగుకి ఆవిడ మామూలు గవర్నమెంటు ఉద్యోగి. ఏజెంట్ కార్తికేయకి మాత్రం సీక్రెట్ సర్వీసంటే ఆవిడే.

"బ్రీఫింగ్ ఇవ్వండి మేడమ్."

"బ్లూ గమ్ అనే విదేశీ ముఠా మెల్‌బోర్న్ పోర్టు కంట్రోల్ కోడ్‌ల మీద కన్నేసింది. ముఠాలోకి దూరిన మన ఎలియాజర్ దొరికిపోయాడు. కిరాయి హంతకులు ఇద్దరు. ఒకణ్ణి ఇందాక పట్టుకున్నాం, నీ చేతిలో ఉన్నది వాడి ఫోనే. రెండోవాడు మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఏదో షెడ్‌లో ఎలియాజర్‌కి కాపలా. ఇద్దరిదీ ఒకటే క్రిప్టో వాలెట్. మూడో డిపాజిట్ పడిందంటే కాల్చెయ్యమని ఆర్డర్."

"పంపేదెవరు?"

"ప్రైవసీ కాయిన్ కదా, పంపేవాళ్ల పేరు కనబడదు. ఎంత పడిందో వాలెట్‌లో కనిపిస్తుంది. అంతే."

కారు నడుపుతున్నది చాముండేశ్వరి. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందించే మనిషి. బ్లాక్‌టౌన్ తెలుగువాళ్ల ఫంక్షన్లకి సగం మంది ఆవిడ పట్టుచీర చూడ్డానికే వస్తారు. ఇవాళ ఇద్దరిదీ కొరియర్ వేషం. ఆ పసుపు చొక్కా కూడా ఆవిడకి నప్పింది.

ఎండ మండిపోతోంది. కనుచూపు మేరా షెడ్లే, అన్నీ ఒకే రంగు.

"ఎక్కడని వెతుకుతాం అక్కా?" కార్తికేయకి ఏడుపొక్కటే తక్కువ. ఎలియాజర్ లేకుండా అతను ఒక్క మిషన్‌కీ వెళ్లలేదు.

"ధైర్యం చెడకు తమ్ముడూ. ఈ వీధి కూడా చూద్దాం."

చేతిలోని ఫోన్‌లో హంతకుడి వాలెట్ ఇంకా సింక్ అవుతోంది. అది పూర్తయితేగానీ పాత డిపాజిట్లు కనబడవు. నత్త నయం. కార్తికేయ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. ఎలియాజర్ తరఫున ఏసుప్రభువుకీ మొక్కాడు.

సింక్ అయింది. నూట పదహారు కాయిన్లు. మళ్లీ నూట పదహారు.

అతను ఆ అంకెని మళ్లీ చదివాడు. చంపడానికిచ్చే డబ్బు కూడా సున్నాతో ముగియకూడదనే పట్టింపు ఏ విదేశీ ముఠాకి ఉంటుంది? అతని గృహప్రవేశంలో కవరు చేతిలో పెట్టి, "నూట పదహారు డాలర్లు. సున్నాతో ఇస్తే కలిసిరాదు తమ్ముడూ," అన్న మనిషికి ఉంటుంది. ఆ మనిషి ఇప్పుడు పక్కనే కూర్చుంది.

"ఉండు, ఇంటికో మెసేజ్ పెడతా." చాముండేశ్వరి కారు ఆపి ఫోన్ తీసింది.

కార్తికేయ వాచీలో జామర్ నొక్కాడు. సిగ్నల్ చచ్చింది. ఆవిడ స్క్రీన్ మీద 'సెండ్' గుర్తు గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

"వెళ్లలేదా అక్కా?" అంటూ మణికట్టు పట్టుకుని ఫోన్ లాక్కున్నాడు. "అబ్బో, ఈసారి వెయ్యిన్నూట పదహార్లే."

ఆవిడ చెయ్యి విడిపించుకోబోయింది. "వాళ్లు మీకంటే రెట్టింపు ఇచ్చారు తమ్ముడూ."

ఆవిడ ఫోన్‌లోనే రెండో హంతకుడితో చాట్ ఉంది: షెడ్ పద్నాలుగు. ఆవిడ చేతిని స్టీరింగ్‌కి బేడీ వేసి, ఆ ఫోన్‌తోనే పరుగెత్తాడు.

తలుపు సందులోంచి చూశాడు. కుర్చీకి కట్టేసిన ఎలియాజర్, అతని కణతకి తుపాకీ. ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్న హంతకుడు. కాల్చాలంటే ఎలియాజర్ అడ్డం. మిగిలింది ఒకటే దారి, అదీ పిచ్చి దారి. కార్తికేయ జామర్ ఆపేశాడు.

డిపాజిట్ వెళ్లిపోయింది. లోపల ఫోన్ టింగుమంది.

వచ్చిన డబ్బు ఎంతో చూసుకోకుండా ఎవరుంటారు? హంతకుడు తల వంచాడు. తుపాకీ కాస్త పక్కకి జరిగింది. ఆ క్షణంలో కార్తికేయ వాడి మీద పడ్డాడు. గుండు పైరేకుని చీల్చుకుంటూ పోయింది.

కట్లు విప్పుతుంటే కార్తికేయకి కన్నీళ్లు ఆగలేదు.

"ఏడుపు తర్వాత. నా ప్రాణానికి ఎంత కట్టార్రా?" అన్నాడు ఎలియాజర్.

"వెయ్యిన్నూట పదహారు కాయిన్లు."

ఎలియాజర్ చేతులు రుద్దుకుంటూ లేచాడు.

"నా పెళ్లికి నువ్వు చదివించింది నూట పదహారేగా."